సుబ్బరాజు గారి లైసెన్సు

ముందు గోడ కూలిన సంగతి చెప్పాలి. అజ్మాన్‌లో, అల్ జుర్ఫ్ వైపు, ఉమ్ సయీద్ కొత్త ఇల్లు కట్టుకోబోయే స్థలం చుట్టూ సుబ్బరాజు గారి కంపెనీ లేపిన ప్రహరీ అది. ఇల్లంతా అప్పగించే ముందు పనితనం చూద్దామని ముసలావిడ ముందుగా గోడ పని ఇచ్చింది. నలభై రోజులు కట్టారు. ఒక సాయంత్రం ఇసుకగాలి వీచింది, పదిహేను గజాల గోడ బోర్లా పడుకుంది. అదే గాలికి పక్క స్థలం గోడా ఎదురు స్థలం గోడా నిక్షేపంగా నిలబడే ఉన్నాయి.

పక్క స్థలంలో పనిచేసే భోజన్న మేస్త్రి జగిత్యాల వైపు మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆ దేశంలో ఇళ్ళు కడుతున్నవాడు. పడిన గోడ అడుగున బెత్తెడు లోతైనా లేని పునాదిని కాలితో తన్ని చూపించి, ఉమ్ సయీద్ ఇంట్లో వంట చేసే వజీరాబీతో ఒక్కమాట అన్నాడు. "అక్కా, గాలినేమనకు. వాడు ఇండ్లు గట్టెటోడే గాదు. వాని లైసెన్సు అడుగు. జిరాక్సు గాదు, అసల్ది."

వజీరాబీ ఆ మాట తీసుకెళ్ళి ఉమ్ సయీద్‌కు చెప్పింది. ఉమ్ సయీద్ సుబ్బరాజుకు ఫోన్ చేయించింది. కాంట్రాక్టు మీద సంతకాలు పెట్టే రోజున అసలు లైసెన్సు తెచ్చి చూపించమంది. తీసుకొస్తానని ఆయన ఒప్పుకున్నాడు. ఆ రోజు ఇవాళే, సాయంత్రం అసర్ నమాజు తర్వాత.

మధ్యాహ్నం నుంచి వజీరాబీకి కాలు ఒకచోట నిలవలేదు. కారణం లేకపోలేదు. ఆ సుబ్బరాజును ఈ ఇంటికి తెచ్చిన పాపం ఆమెదే. ఆర్నెల్ల కిందట వంటింటి సింకు కింద నీళ్ళు కారుతుంటే బాగుచేయించడానికి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె తెలుగు విని "మనోళ్ళేనా అక్కా" అన్నాడు. చింతపండు పులుసు పోసుకుని రెండుసార్లు అన్నం తిన్నాడు. మా అమ్మ చేతి వంటలా ఉందన్నాడు. రాయచోటి నుంచి వచ్చి పదిహేడేళ్ళుగా ఎవరి తీపిమాటకూ కరగని మనిషి, ఆ ఒక్క పులుసు మాటకు కరిగిపోయింది. ఉమ్ సయీద్ ఇల్లు కట్టేవాడి కోసం వెతుకుతున్నప్పుడు, "మా దేశపువాడు, మంచివాడు" అని తనే చెప్పింది. తిండి మెచ్చుకున్నవాడు ఇల్లు కూడా బాగా కడతాడని నమ్మడం ఎంత తెలివి తక్కువో గోడ కూలాక గానీ తెలియలేదు. పదకొండేళ్ళు ఎదురుచూసి ప్రభుత్వం నుంచి ఇల్లు మంజూరు చేయించుకున్న ముసలావిడ ఇవాళ వజీరాబీ మాట మీద సంతకం పెట్టబోతోంది. రేపు ఆ కప్పు కింద పడుకునేదీ ఆవిడే.

ఇక సుబ్బరాజు గారి వైభవం చెప్పుకోవాలి. తణుకు దగ్గరి మనిషి. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్‌లో ఆరేళ్ళు అట్టపెట్టెలు లెక్కపెట్టాడు. ఆ పనిలో ఉన్నంతకాలం మర్యాదస్తుడే. ఎటు చూసినా క్రేన్లు లేచే రోజులొచ్చేసరికి ఆయనకు పూనకం వచ్చింది. అల్ కుసైస్‌లో ఒక గది, దానికి గాజు తలుపు, తలుపు మీద బంగారు రంగు అక్షరాలు, లోపల తిరిగే కుర్చీ. అంతే, కంపెనీ అయిపోయింది. తాపీ పట్టడం రాదు. గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి మేస్త్రీలు వేలాడదీసే గుండును ఏ చేత్తో పట్టుకుంటారో కూడా తెలియదు. పైన పటారం, లోన లొటారం. ఆ రోజుల్లో అలాంటి పటారాలు వీధికి నాలుగు ఉండేవి. ఇల్లు కట్టించుకునేవాళ్ళు టై చూసి నమ్మేవాళ్ళు.

నాలుగు దాటాక ఆయన దిగాడు. ఎండలో కూడా కోటు వేసుకుని, ఇంటి ముందు గదిదాకా అత్తరు వాసన ముందు పంపించి, తర్వాత తను వచ్చాడు. ఉమ్ సయీద్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కు మీదుగా పాతకాలపు ముసుగు, దాని పైన రెండు కళ్ళు. ఆ కళ్ళు చదువుకోలేదు గానీ చూడని మనిషి లేడు. పడవల మీద బొంబాయి వెళ్ళొచ్చిన భర్త దగ్గర నేర్చుకున్న నాటు హిందీలో "కూర్చో" అంది.

ఆయన కూర్చోకముందే ఫైలు విప్పాడు. రంగుల బొమ్మ ఒకటి తీసి తివాచీ మీద పరిచాడు. మేడ, మేడ ముందు నీళ్ళు చిమ్మే కొలను, కొలను మధ్యలో రెండు తెల్ల గుర్రాలు.

"ఈ గుర్రాలు ఎందుకు?" అంది ఉమ్ సయీద్.

"షాన్ కోసం, మేడమ్. దర్జాకి."

"నాకు మోకాళ్ళ నొప్పి. మెట్లు వద్దన్నాను. మేడ ఎందుకు వేశావు?"

ఆయన మాట మార్చాడు. సంచిలోంచి ఇత్తడి పలక తీశాడు. కొత్త ఇంటి గేటుకు బిగించడానికి పేరు చెక్కించి తెచ్చాడట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ప్రహరీ పడిపోయిన ఇంటికి గేటెక్కడిది, గేటు లేనిదే పలక దేనికి బిగిస్తాడు? వజీరాబీకి నవ్వు రావలసింది, కోపం వచ్చింది.

ఆమె కాఫీ కూజా తెచ్చి చిన్న కప్పులో పోసింది. ఆ కాఫీకి ఒక మర్యాద ఉంది. తాగినవాడు చాలనుకుంటే ఖాళీ కప్పును వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడించి ఇవ్వాలి. ఆడించనంతకాలం పోస్తూనే ఉంటారు. తొమ్మిదేళ్ళు ఆ దేశపు ఉప్పు తిన్న సుబ్బరాజు గారికి ఆ సంగతి తెలియదు. తాగాడు, చాపాడు. ఆమె పోసింది. మళ్ళీ తాగాడు, మళ్ళీ చాపాడు. మూడో కప్పుకే మొహం చేదెక్కింది. వద్దంటే మర్యాద కాదేమోనని భయం. ఆమెకు ఆపాలన్న ఉద్దేశం ఏమాత్రం లేదు.

"గోడ సంగతి చెప్పు" అంది ఉమ్ సయీద్.

"గాలి, మేడమ్. చాలా పెద్ద గాలి. పైగా నా దగ్గర పనిచేసే లేబర్ సరిగ్గా లేరు. పల్లెటూళ్ళ నుంచి వస్తారు, పని తెలియదు. ఇంటికి మంచివాళ్ళని పెడతాను."

తప్పు కూలీల మీదికి తోసేసి ఆయన నాలుగో కప్పు తాగాడు. బెత్తెడు పునాది తవ్వమని చెప్పింది తనే. చెప్పినంత తవ్వినవాళ్ళకు పని రాదట. వజీరాబీ కూజా పట్టుకుని నిలబడి పళ్ళు కొరుక్కుంది.

ముసలావిడకు తెలుగు రాదన్న ధీమాతో ఆయన గొంతు తగ్గించి వజీరాబీ వైపు వంగాడు. "ఏమ్మా, నువ్వైనా చెప్పొచ్చు కదా. ఆవిడకి పునాదులూ లైసెన్సులూ ఎందుకండీ ఈ వయసులో? సంతకం పెట్టించెయ్. నీ మేలు మర్చిపోతానా. కొత్తింట్లో నీకో గది వేస్తాను. కిటికీ ఉన్న గది."

ఆమెకు ఒళ్ళు మండింది. మండడానికి కారణం ఏమిటంటే, కిటికీ ఆమెకు నిజంగా కావాలి. పదిహేడేళ్ళుగా బియ్యం బస్తాల పక్కన, గాలి చొరని గదిలో పడుకుంటోంది. ఆ సంగతి సింకు బాగుచేసిన రోజు వాడికి చెప్పుకున్నది తనే. అన్నం పెట్టి, కష్టం చెప్పుకుంటే, దాన్ని దాచి ఉంచుకుని ఇవాళ ఎరగా వేస్తున్నాడు.

"నీ కిటికీ నీ దగ్గరే పెట్టుకో రాజుగారూ" అంది ఆమె, కప్పు నింపుతూ. "గోడనే నిలబెట్టలేనోడివి, దాంట్లో కిటికీ యాడ పెడతావు?"

ఆయన మొహం ఎర్రబడింది. "వంట చేసుకునేదానివి, నీకెందుకు చెప్పు ఇవన్నీ" అన్నాడు. అక్క పోయింది, అమ్మా పోయింది.

"ఏమంటున్నాడు?" అని ఉమ్ సయీద్ అరబ్బీలో అడిగింది.

"నాకొక కిటికీ ఇస్తాడంట."

ముసుగు పైని కళ్ళు ఆయన మీదే కాసేపు నిలిచాయి. "రుఖ్సా" అంది ఆవిడ. ఆ దేశంలో లైసెన్సును అలాగే అంటారు, ఆ మాట తెలియని మనిషి ఉండడు.

ఆయన తడబడలేదు. అది మెచ్చుకోవాలి. గాజు కాగితంలో భద్రంగా పెట్టిన అసలు లైసెన్సు తీసి రెండు చేతులా అందించాడు. మొత్తం అరబ్బీలో ఉంది. ఆయన ధైర్యమంతా అక్కడే ఉంది. ముసలావిడకు అక్షరం రాదు. వంటమనిషి రాయచోటిది. ఎవడు చదువుతాడు? ముద్ర చూస్తారు, గాజు కాగితం చూస్తారు, తిరిగి ఇచ్చేస్తారు. ఇంతకుముందు ఆరిళ్ళలో ఇలాగే జరిగింది మరి.

ఉమ్ సయీద్ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. కింద మునిసిపాలిటీ ముద్రను వేలితో తడిమింది. "బలదియా ముద్రే. దొంగది కాదు" అంది.

సుబ్బరాజు గారు వెనక్కి ఆనుకున్నాడు. అయిదో కప్పు అయిపోయింది.

ఆవిడ కాగితాన్ని పక్కకు చాపింది. "వజీరా, చదువు."

ఆయనకు నవ్వొచ్చింది. దాచుకోలేదు కూడా. "ఆవిడేం చదువుతుంది, మేడమ్" అన్నాడు హిందీలో.

వజీరాబీ కూజా కింద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. ఏడేళ్ళప్పుడు రాయచోటిలో ఖురాన్ నేర్పే ఉస్తానీ బెత్తం దెబ్బలతో ఆ అక్షరాలు వేళ్ళకు ఎక్కించింది. అప్పట్లో అర్థం తెలియదు, చదవడం తెలుసు. ఇక్కడికొచ్చాక ఈ ఇంటి అరబ్బీ మాట అర్థమైంది. అచ్చులు తెలిపే జబర్, జేర్ గుర్తులు లేని రాతను మొదట్లో తడుముకుంటూ చదివేది. మందు చీటీలు, కరెంటు బిల్లులు, పాల పాకెట్ల మీది తేదీలు, పదిహేడేళ్ళుగా ఉమ్ సయీద్‌కు అన్నీ చదివిపెట్టేది ఆమే. సింకు బాగుచేసిన రోజు ఆ సంగతి ఒక్కటే చెప్పుకోలేదు.

ఆమె వేలు పెట్టి చదివింది. మొదటి వరుసలో కంపెనీ పేరు. గాజు తలుపు మీది బంగారు అక్షరాలకూ దానికీ ఏ సంబంధం లేదు. రెండో వరుసలో నంబరు. మూడో వరుసలో, ఈ కంపెనీ ఏ పని చేయవచ్చో రాసి ఉంది. అక్కడ వేలు ఆగింది. ప్రతి ఏడాదీ రంజాను ముందు ఈ ఇంటి గోడలకు సున్నం, రంగులు వేయడానికి వచ్చేవాళ్ళతో బేరం చేసేది ఆమే. ఆ మాట ఆమెకు బాగా తెలుసు.

"అస్బాగ్" అని చదివింది. రంగులు.

"బినా ఎక్కడుంది?" అంది ఉమ్ సయీద్. కట్టడం.

"లేదు."

"మళ్ళీ చూడు. తొందర లేదు."

ఆమె పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి చూసింది. "రంగులు వేయడం. గోడలకు లోపల, బయట. అంతే ఉంది. కట్టడమన్న మాట ఈ కాగితంలో యాడా లేదు."

 సుబ్బరాజు గారి వేళ్ళు టై ముడి మీదికి వెళ్ళాయి.

"నువ్వు రంగులేసేవాడివి" అంది ఉమ్ సయీద్ హిందీలో, నెమ్మదిగా. "రంగులేయడం మంచి పని. మా ఇంటికి ఏటా వచ్చే ముసలాయన రంగులేస్తాడు. ఆయన ఎప్పుడూ ఇల్లు కడతానని రాలేదు."

"అది అలా కాదు, మేడమ్. లైసెన్సు ఒకటి ఉంటుంది, పని ఒకటి చేస్తాం. ఇక్కడ అందరూ ఇంతే. దుబాయ్ అంతా ఇలాగే కట్టారు."

"దుబాయ్ సంగతి దుబాయ్ చూసుకుంటుంది. నా ఇంటి గోడ పడింది."

ఆయనకు ఇక వజీరాబీ తప్ప తన్నడానికి ఎవరూ దొరకలేదు. "నన్నిక్కడికి తెచ్చిందెవరు? నువ్వే కదా" అన్నాడు తెలుగులో. "ఆవిడకి చెప్పనా? మధ్యలో నీకేదో ముట్టిందని చెప్తాను. రేపు సాయంత్రానికి రాయచోటి బస్సులో ఉంటావు."

తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవు. ఆమె ఉమ్ సయీద్ వైపు తిరిగి, ఆయన తెలుగులో అన్నదంతా ఒక్క ముక్క వదలకుండా అరబ్బీలో చెప్పింది. తర్వాత తన మాట కూడా చెప్పింది. "వీణ్ణి తెచ్చింది నేనే. మా భాష మాట్లాడినాడని, నా వంట బాగుందన్నాడని మంచోడనుకుంటి. నా చేతికి ఏమీ ముట్టలేదు. బుద్ధి లేక చెప్పినా. తప్పు నాదే."

 ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఈవిడ తనను ఇంకెప్పుడూ ఏ మాటా అడగదేమో అన్న దిగులు ఎక్కువైంది.

 "నీ వంట బాగుంటుంది" అంది ఉమ్ సయీద్. "అంతవరకు వాడు నిజమే చెప్పాడు."

వజీరాబీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలావిడ అది చూడనట్టే ఉండిపోయి కాగితం వైపు చూపించింది. "ఇంకా రాసి ఉంది కదా కింద. సగంలో ఆపకు. ఈ రుఖ్సా ఎవరి పేరు మీద ఉంది? ఈ దేశపువాడు ఒకడు తన పేరు వీడికి అద్దెకిచ్చి ఇంట్లో కూర్చుని ఉంటాడు. వాడి తల్లి ఎవరో నాకు తెలిసే ఉంటుంది. వెళ్ళి అడుగుతాను, కొడుకును ఇలా పెంచావేమని."

అప్పుడు ఒక వింత జరిగింది. అంతవరకు మొహం మాడ్చుకుని కూర్చున్న సుబ్బరాజు గారు నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా, హాయిగా. ఆరో కప్పు కూజాలోంచి తనే పోసుకుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"చదువమ్మా" అన్నాడు తెలుగులో. "అది కూడా చదువు. తప్పకుండా చదువు."

వజీరాబీ వేలు కిందికి దిగింది. యజమాని అన్న మాట, దాని పక్కన పేరు. మొదటి అక్షరం చూసింది, రెండోది చూసింది. తెలిసిన అక్షరాలే. ఈ ఇంటికి వచ్చే కరెంటు బిల్లు మీద, టెలిఫోన్ బిల్లు మీద వందసార్లు చదివిన అక్షరాలు. తండ్రి పేరు, తాత పేరు, వంశం పేరు. 

పోయిన వారం ఫోన్‌లో ఆ పేరు గల మనిషి అన్న మాట గుర్తొచ్చింది. గోడదేముంది, గాలికి ఎవరి గోడైనా పడుతుంది, కంపెనీ మంచిది, నేను వచ్చి సాక్షి సంతకం చేస్తాను. ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఏడాది ఆ పిల్లవాడికి పదకొండేళ్ళు. జ్వరమొస్తే ఈమె చేతి గంజి తప్ప తాగేవాడు కాదు.

"చదువు" అంది ఉమ్ సయీద్.

ఇంకో పేరు ఏదైనా చెప్పవచ్చు. అహ్మద్ అనవచ్చు, ఖలీఫా అనవచ్చు. ముసలావిడకు అక్షరం రాదు. రంగులని తెలిసిపోయింది, సంతకం ఎలాగూ ఆగిపోయింది, ఇల్లు దక్కింది. ఈ ఒక్క వరుస తప్పు చదివితే ఒక తల్లి ఇవాళ సుఖంగా అన్నం తింటుంది. సుబ్బరాజు గారు ఆ ఆలోచనను ఆమె మొహంలో చదివేశాడు. ఆ ఒక్క చదువూ ఆయనకు వచ్చు. ఆమె అబద్ధమాడితే ఇక జన్మంతా తన గుప్పిట్లో ఉంటుందని ఆయనకు తెలుసు.

పదిహేడేళ్ళలో పాల పాకెట్ మీది తేదీ కూడా ఆమె తప్పు చదవలేదు.

"సయీద్" అని చదివింది. తర్వాత తండ్రి పేరు చదివింది. తాత పేరు, వంశం పేరు చదివింది. ఎక్కడా ఆగకుండా చివరి దాకా చదివి, కాగితాన్ని రెండు చేతులా ముసలావిడ ఒడిలో పెట్టింది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరంతా ఉమ్ సయీద్ అనే పిలిచే మనిషి ఆవిడ. సయీద్ తల్లి. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకే గుర్తుందో లేదో. ముసుగు మీద ఏమీ కనిపించలేదు. చేతి వేళ్ళు మాత్రం ఆ ముద్రను మళ్ళీ ఒకసారి తడిమాయి.

"మీ అబ్బాయే మేడమ్ అసలు ఓనరు" అన్నాడు సుబ్బరాజు గారు హిందీలో, తేనె పూసిన గొంతుతో. "నేను ఆయన మనిషిని. అంటే ఇది మన ఇంటి కంపెనీయే." అని ఏడో కప్పు కోసం చెయ్యి చాపాడు.

ఉమ్ సయీద్ ఆ చేతిలోంచి కప్పు తీసేసుకుంది. ఆయన ఆడించకుండానే, తన చేత్తోనే తీసుకుని, పళ్ళెంలో బోర్లించింది. ఆ ఇంట్లో అలాంటి పని జరగడం వజీరాబీ ఎన్నడూ చూడలేదు. ఇక ఈ ఇంటి కాఫీ నీకు లేదన్న దాని అర్థం సుబ్బరాజు గారికి తెలియదు కాబట్టి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

గేటు దగ్గర కారు ఆగిన చప్పుడయింది.

ముసలావిడ లైసెన్సును దిండు కింద దాచింది. కాంట్రాక్టు కాగితాలను తివాచీ మీద, గుర్రాల బొమ్మ పక్కన, సంతకానికి సిద్ధంగా సర్దింది. ముసుగు సరిచేసుకుంది.

"కొత్త కప్పు తీసుకురా" అంది. "ముందు నా కొడుకు చెప్పేది వింటాను. ఈ కంపెనీ ఎవరిదని అడుగుతాను. ఆ తర్వాత నువ్వు మళ్ళీ మొదటి నుంచి చదవాలి."

వజీరాబీ కప్పు తెచ్చి, ఎప్పటిలాగే తలుపు పక్కన నిలబడబోయింది.

"అక్కడ కాదు" అంది ఉమ్ సయీద్, తన పక్కనున్న దిండు చూపించి. "కూర్చో. కూర్చుని చదువు."

పదిహేడేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. బయట గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే, చిన్నప్పుడు గంజి కోసం పిలిచిన గొంతు తల్లిని అడిగింది.

"అమ్మా, సంతకం అయిపోయిందా?"